పెరుగులో ఊరబెట్టినా కోడిమాంసం ఎందుకు గట్టిపడుతోంది?

ప్రశ్న: మాది రాజోలు దగ్గర ఒక పల్లె. ఈమధ్య మా అబ్బాయి ఇంటికి ఓటీజీ ఓవెన్ (పైన, కింద కరెంటు రాడ్లతో వేడెక్కే చిన్న ఓవెన్) కొని పంపాడు. పెరుగులో ఊరబెట్టి ఓవెన్‌లో కాల్చిన కోడి చాలా మెత్తగా ఉంటుందని విని రెండుసార్లు చేశాను. మొదటిసారి ఆదివారం ఉదయం ఏడింటికి కోయించి తెచ్చిన కిలోన్నర చికెన్‌ను రెండు గంటలు పెరుగులో ఉంచి, 180 డిగ్రీల మీద గంటసేపు కాలిస్తే ముక్క రబ్బరులా సాగింది. ఎక్కువసేపు ఊరాలని ఎవరో చెప్పగా, రెండోసారి శనివారం సాయంత్రమే తెచ్చి, రెండు రోజుల పుల్ల పెరుగు, రెండు నిమ్మకాయల రసం పట్టించి మర్నాడు మధ్యాహ్నం దాకా ఉంచాను. ఈసారి పైన పిండిలా, లోపల పీచులా తయారైంది. ట్రే నిండా నీళ్ళు, అందులో పెరుగు విరిగి తెల్లటి పలుకులు. మా అత్తగారికి 76 ఏళ్ళు, పళ్ళు సరిగా లేవు. ఆవిడ తినగలిగేలా చేయాలని నా కోరిక. పెరట్లో బొప్పాయి చెట్టు ఉంది, పచ్చికాయ వేయవచ్చా? ముందు కుక్కరులో ఉడికించి తరువాత కాల్చవచ్చా? పండక్కి చుట్టాలు వచ్చినప్పుడు నాటుకోడిని ఇలా చేయవచ్చా?

సమాధానం: అమ్మా, కోడిని కోయించిన వేళ దగ్గర నుంచి ఓవెన్ డిగ్రీల దాకా మీరు అన్నీ వివరంగా రాశారు. అందువల్ల పొరపాటు ఎక్కడ జరిగిందో ఊహించవలసిన పని లేకుండా చెప్పగలుగుతున్నాను. మీ రెండు ప్రయత్నాలూ ఒకే నమ్మకం మీద నడిచాయి. మాంసాన్ని మెత్తబరిచేది పెరుగేననీ, అది ఎంత పుల్లగా ఉంటే, ఎంత ఎక్కువసేపు పట్టి ఉంటే అంత మంచిదనీ మీరు అనుకున్నారు. ఈ వంటను కొత్తగా మొదలుపెట్టినవారిలో చాలామంది అలాగే అనుకుంటారు. పెరుగు చేసే మేలు ఉంది కాని అది ముక్క పైపొరలకే పరిమితం. లోపలి మాంసం మెత్తగా ఉండాలా, పీచుగా మారాలా అన్నది ప్రధానంగా నిర్ణయించేది ముక్క లోపలికి చేరిన వేడి. ఎంత చక్కగా ఊరబెట్టిన ముక్కనైనా ఓవెన్‌లో పావుగంట ఎక్కువ ఉంచితే అది ఎండిపోతుంది. దీని గురించి కింద వివరంగా రాస్తాను, ముందుగా మీ మొదటి ఆదివారం సంగతి చూద్దాం.

ఆ రోజు మీరు ఏడింటికి కోయించారు, రెండు గంటలు ఊరబెట్టారు, అంటే తొమ్మిదిన్నర ప్రాంతంలో కోడి ఓవెన్‌లోకి వెళ్ళి ఉంటుంది. మన ప్రాంతంలో కళ్ళముందు కోయించిన కోడినే తాజా కోడిగా భావిస్తాము, అది సరైన జాగ్రత్తే. అయితే ప్రాణం పోయిన గంటసేపటికల్లా కోడి కండరాలు బిగుసుకోవడం మొదలుపెడతాయి, ఆ బిగువు మళ్ళీ సడలడానికి మరికొన్ని గంటలు పడుతుంది. బిగువు సడలకముందే కండను ఎముక నుంచి వేరుచేసినా, ముక్కలు కొట్టినా అది మరింత ముడుచుకుంటుంది. ఆ స్థితిలో పొయ్యి మీదికి వెళ్ళిన మాంసం ఎంతసేపు ఉడికినా సాగుతూనే ఉంటుంది. కూర వండినప్పుడు పులుసులో నెమ్మదిగా మగ్గుతుంది కనుక ఈ లోపం కొంత కప్పుబడిపోతుంది, పొడివేడిలో కాల్చేటప్పుడు మాత్రం తప్పించుకోలేము. కనుక ఆదివారం మధ్యాహ్నం భోజనానికి శనివారం సాయంత్రమే కోయించి తెచ్చి, రాత్రంతా ఫ్రిజ్‌లో ఉంచండి. అది వీలుకాని రోజున కనీసం ఐదారు గంటల వ్యవధి ఇచ్చి రాత్రి భోజనానికి కాల్చండి. రెండోసారి మీరు శనివారమే తెచ్చి మంచి పని చేశారు, ఆ మేలును నిమ్మరసం పాడుచేసింది.

దుకాణంలో అడగవలసిన మాట ఇంకొకటి ఉంది. అనపర్తి, తణుకు పరిసరాల్లో గుడ్ల కోళ్ళ ఫారాలు ఎక్కువ. గుడ్లు పెట్టే కాలం ముగిసిన లేయర్ కోళ్ళు మాంసానికి చవగ్గా అమ్ముడవుతాయి. అవి ఏడాదికి పైబడిన కోళ్ళు, వాటి కండరాల మధ్య ఉండే పొరలు ముదిరి ఉంటాయి, ఓవెన్‌లో గంటలో లొంగవు. మీకు కావలసింది సుమారు 40 రోజుల వయసులో, రెండు కిలోల బరువు దగ్గర కోసే బ్రాయిలర్. అందులోనూ అన్నీ కలిసిన కూర ముక్కలుగా కాకుండా, తొడ, కాలు కలిసిన పెద్ద ముక్కలుగా ఎముకతోనే ఇమ్మనండి. కూర ముక్కలలో చిన్నది పావుగంటలో ఉడికితే పెద్దదానికి ముప్పావుగంట పడుతుంది, ఒకే ట్రేలో రెండింటికీ న్యాయం చేయడం ఎవరివల్లా కాదు.

ఇక పెరుగు. పెరుగులోని పులుపు లాక్టిక్ ఆమ్లం. అది నిమ్మరసంలోని పులుపుకన్నా చాలా సౌమ్యమైనది, అందుకే ముక్క పైభాగంలోని మాంసకృత్తులను నెమ్మదిగా, ఒద్దికగా సడలిస్తుంది. ఈ ప్రభావం కొన్ని మిల్లీమీటర్ల లోతు దాటదు, అందుకే ముక్కకు గాట్లు పెడతాము. నిమ్మరసం అలా కాదు. దాని తీవ్రమైన పులుపు మాంసాన్ని వేడి తగలకముందే ఉడికినట్టు చేస్తుంది, పచ్చి ముక్క పైన తెల్లబడడం మీరు గమనించే ఉంటారు. అక్కడితో ఆపకుండా పద్దెనిమిది గంటలు ఉంచితే పైపొర నలిగిన పిండిలా అవుతుంది, అలా దెబ్బతిన్న మాంసం తన నీటిని తాను నిలుపుకోలేదు. మీ రెండో ప్రయత్నంలో పైన పిండి, లోపల పీచు రావడానికి ఇది ఒక కారణం. ఎన్నో ఏళ్ళ క్రితం ఇంటికి వచ్చిన బంధువుల కోసం నేనూ సరిగ్గా ఇదే పని చేశాను. పులిసిన పెరుగులో నిమ్మకాయలు పిండి ఒక రోజంతా ఉంచిన ఛాతీ ముక్కలను ఎవరూ రెండో ముద్ద తినలేకపోయారు. అప్పటి నుంచి నిమ్మరసాన్ని ఓవెన్ నుంచి తీసిన తరువాతనే పిండుతున్నాను. రుచికి కూడా అదే మేలు, ఎందుకంటే వేడికి నిమ్మ వాసన నిలవదు.

పెరుగు విషయంలో మన డెల్టాలో ఉన్నవారికి ఒక అదృష్టం ఉంది. కాలువ గట్ల పచ్చగడ్డి, వరిగడ్డి మేసే గేదెల పాలు మనకు దొరుకుతాయి. గేదె పాలలో వెన్న 6 నుంచి 8 శాతం వరకు ఉంటుంది, ఆవు పాలలో దాదాపు 4 శాతమే. కాగబెట్టి మీగడ కట్టిన గేదె పాలను తోడుపెడితే వచ్చే కమ్మటి పెరుగు వేడికి అంత త్వరగా విరగదు. మా అమ్మగారు మట్టి ముంతలో తోడుపెట్టేవారు. మట్టి నీటిని పీల్చుకుని పెరుగును గట్టిగా ఉంచుతుంది కనుక ఆ పెరుగు ఈ వంటకు అన్నిటికన్నా బాగుంటుంది. ముంత లేకపోయినా ఫరవాలేదు. ఉదయం తోడుకున్న, ఇంకా పులుపెక్కని పెరుగును పలుచటి బట్టలో మూటకట్టి, గంటన్నర సేపు చిల్లుల గిన్నెలో పెట్టి ఫ్రిజ్‌లో ఉంచితే తేట దిగిపోతుంది. పావుకిలో పెరుగు సుమారు 150 గ్రాముల గట్టి ముద్ద అవుతుంది. దిగిన తేటను పారబోయకండి, చపాతీ పిండి కలపడానికి పనికివస్తుంది. ప్యాకెట్ పెరుగు వాడవలసి వస్తే వెన్న తీసినది కాకుండా చూసుకోండి.

మీ ట్రేలో నిలిచిన నీళ్ళకూ తెల్లటి పలుకులకూ సమాధానం ఇక్కడే ఉంది. పలుచటి పుల్ల పెరుగు వేడి తగలగానే విరిగి, తనలోని నీటిని వదిలింది. మాంసం కూడా నీరు వదిలింది. ముక్కలు ఆ నీటిలో కూర్చుని ఉడికాయే తప్ప కాలలేదు, అందుకే రంగు కూడా వచ్చి ఉండదు. దీనికి మందు మన వంటింట్లోనే ఉంది. మజ్జిగ పులుసు కాచేటప్పుడు మజ్జిగలో కాస్త శనగపిండి ఎందుకు కలుపుతామో మీకు తెలుసు, అది లేకపోతే కాగగానే మజ్జిగ విరిగిపోతుంది. పిండిలోని గంజి పెరుగు కణాలను ఒకదానికొకటి అంటుకుని ముద్దకట్టనివ్వదు. అదే పద్ధతిలో ఒకటిన్నర పెద్ద చెంచాల శనగపిండిని చిన్న మంట మీద పచ్చివాసన పోయి కమ్మటి వాసన వచ్చేవరకు వేయించి ఈ పెరుగులో కలపండి. ముక్కకు పూత గట్టిగా అంటుకుని ఉంటుంది, నీరు జారదు. పంజాబు వైపు తందూరులో కాల్చే ముక్కలకు కూడా ఇదే ఉపాయం వాడతారు. తందూరు వేడి 400 డిగ్రీలు దాటుతుంది, అక్కడ తడి క్షణాలలో ఆరిపోతుంది. మన ఇంటి ఓవెన్ 250 డిగ్రీలకు మించదు కనుక తడి విషయంలో మనం ఇంకా ఎక్కువ జాగ్రత్త పడాలి.

ఉప్పు గురించి మీ ఉత్తరంలో ఒక్క మాట కూడా లేదు. బహుశా పెరుగుతో పాటే కలిపి ఉంటారు. ఉప్పును ముందుగా, విడిగా పట్టించడం నేర్చుకోండి, ఎందుకంటే ముక్క లోపలి దాకా వెళ్ళగలిగినది అదొక్కటే. పట్టించిన కాసేపటికి ఉప్పు మాంసంలోని నీటిని బయటికి లాగుతుంది, ఆ నీటిలో కరిగి మళ్ళీ లోపలికి ఇంకుతుంది, ఇంకిన చోట మాంసకృత్తుల అల్లికను కొంత కరిగించి, వేడిలో కూడా నీటిని పట్టి ఉంచే శక్తిని దానికి ఇస్తుంది. కిలో ఎముక ముక్కలకు సుమారు 15 గ్రాములు, అంటే మెత్తటి ఉప్పు రెండున్నర చిన్న చెంచాలు సరిపోతుంది. కళ్ళుప్పు వాడితే నూరి తూచుకోండి, పలుకుల మధ్య ఖాళీ ఉండడం వల్ల చెంచా కొలత తప్పుతుంది.

ఇప్పుడు చేసే తీరు చెబుతాను. శనివారం సాయంత్రం తెచ్చిన కిలో తొడ, కాలి ముక్కలను కడిగేటప్పుడు కుళాయి కింద పట్టకుండా గిన్నెలోని నీటిలో ముంచి కడగండి. ధారకు చిందే తుంపరలతో పచ్చిమాంసంలోని క్రిములు పక్కనున్న కూరగాయల మీద, గిన్నెల మీద పడతాయి. తరువాత చిల్లుల గిన్నెలో అరగంట వార్చి, శుభ్రమైన పొడి బట్టతో ఒక్కొక్క ముక్కనూ అద్దండి. ఈ అద్దడం చిన్న పనిలా కనిపిస్తుంది కాని తడిమీద ఏ పూతా నిలవదు. ఎముక తగిలేదాకా ముక్కకు మూడు నాలుగు గాట్లు పెట్టి, ఉప్పు, అర చెంచా పసుపు, రెండు పెద్ద చెంచాల అల్లం వెల్లుల్లి ముద్ద గాట్లలోకి వెళ్ళేలా రుద్ది ఒక గంట ఉంచండి. అల్లం అప్పుడే నూరితే మంచిది, పచ్చి అల్లంలో మాంసకృత్తులను విడగొట్టే గుణం కూడా కొద్దిగా ఉంది. ఆ తరువాత వార్చిన పెరుగులో రెండు చెంచాల కారం, రెండు చెంచాల ధనియాల పొడి, చెంచా గరం మసాలా, వేయించిన శనగపిండి, రెండు పెద్ద చెంచాల నూనె కలిపి చిలికి, ముక్కలకు పట్టించండి. నూనె మానకండి, కారం రంగూ మసాలా వాసనా నూనెలోనే బాగా విచ్చుకుంటాయి. నేను నువ్వుల నూనె వాడతాను, వేరుశనగ నూనె కూడా బాగానే ఉంటుంది. గాజు, పింగాణి, స్టీలు గిన్నెలలో దేనిలోనైనా ఊరబెట్టవచ్చు, అల్యూమినియం, ఇత్తడి గిన్నెలు మాత్రం పెరుగు పులుపుకు పనికిరావు.

తొడ, కాలి ముక్కలు ఎనిమిది నుంచి పన్నెండు గంటలు ఊరితే చాలు. అంతకు మించి ఉంచడం వల్ల ఒరిగేది లేదు. ఎముక లేని ఛాతీ ముక్కలకైతే రెండు మూడు గంటలే సరి. ఇదంతా ఫ్రిజ్‌లోనే జరగాలి, గట్టు మీద కాదు. మన తేమలో, ముఖ్యంగా వేసవి రాత్రులలో బయట ఉంచిన మాంసంలో క్రిములు గంటలలోనే రెట్టింపులు అవుతాయి, పెరుగు పులుపు వాటిని ఆపలేదు. గిన్నెకు మూతపెట్టి అడుగు అరలో ఉంచితే కారిన నీరు వేరే పదార్థాల మీద పడదు. రాత్రి కరెంటు పోతే ఫ్రిజ్ తలుపు తెరవకండి. తెరవకుండా ఉంటే సుమారు నాలుగు గంటలు చల్లదనం నిలుస్తుంది, అంతకు మించి కరెంటు రాకపోతే వెంటనే పొయ్యి మీద కూర వండేయండి. తుపాను రోజులలో ఈ వంట పెట్టుకోకపోవడం మంచిది. ఇంకొక జాగ్రత్త, గిన్నెలో మిగిలిన పెరుగు మసాలా పచ్చిమాంసం తగిలినది. దాన్ని పచ్చడిలా నంజుకోవడానికి పెట్టకూడదు.

ఓవెన్ సంగతి. కాల్చడానికి అరగంట ముందు ముక్కలను ఫ్రిజ్ నుంచి తీయండి, పావుగంట ముందు ఓవెన్‌ను 200 డిగ్రీల మీద రెండు రాడ్లూ వెలిగేలా పెట్టండి. మీ 180 డిగ్రీలు తక్కువ, దానికి తోడు మీ ఓవెన్ నిజంగా 180కి చేరిందో లేదో కూడా అనుమానమే. పల్లెలలో సాయంత్రాలు, పంట మోటార్లు నడిచే వేళల్లో వోల్టేజి పడిపోతుంది. 230 వోల్టులు రావలసిన చోట 200 వస్తే రాడ్లు ఇచ్చే వేడి నాలుగింట ఒక వంతు తగ్గుతుంది, ఎందుకంటే వేడి వోల్టేజి వర్గాన్ని అనుసరిస్తుంది. అలాంటప్పుడు ఓవెన్ వేడెక్కడానికి పావుగంటకు బదులు అరగంట పట్టవచ్చు. రాడ్లు ఒకసారి ఎర్రబడి, వాటంతట అవే ఆరిన తరువాతనే ముక్కలు లోపల పెట్టండి, వేడి చేరిందనడానికి అది గుర్తు. ముక్కలను ట్రేలో పరచకుండా, ఓటీజీతో వచ్చిన కడ్డీల జాలీ మీద ఒకదానికొకటి తగలకుండా పేర్చి, దాని కింద ట్రే ఉంచండి. కిలోన్నర ముక్కలను ఒకేసారి చిన్న ఓవెన్‌లో కుక్కితే ఆవిరి బయటికి పోయే దారి ఉండదు. రెండు విడతలుగా కాల్చండి.

ఇంతవరకు చెప్పినదంతా సన్నాహమే. మాంసం మెత్తగా రావడం ఇక్కడ తేలుతుంది, దీన్ని మాత్రం దయచేసి రెండుసార్లు చదవండి. ముక్క లోపలి వేడి 60 డిగ్రీలు దాటిన తరువాత కండరాల పోగులు ముడుచుకుంటూ, తడిబట్టను పిండినట్టు తమలోని నీటిని బయటికి నెడతాయి. వేడి పెరిగేకొద్దీ ఆ పిండడం ఎక్కువవుతుంది. తినడానికి క్షేమకరమైన వేడి 74 డిగ్రీలు. ఛాతీ ముక్కను సరిగ్గా అక్కడ తీసేస్తే రసం మిగిలి ఉంటుంది, 80 దాటిందంటే అది మీరు చూసిన పీచే. కొవ్వూ పొరలూ లేని కండ కనుక దానికి రెండో అవకాశం లేదు. తొడ, కాలి ముక్కల స్వభావం వేరు. వాటిలోని కండల మధ్య కొల్లాజెన్ అనే బిగువైన పొరలు ఉంటాయి, అవి 70 డిగ్రీలు దాటిన వేడిలో కొంతసేపు ఉంటేనే కరిగి జిగురుగా మారతాయి. పాయా చల్లారితే గడ్డకట్టేది ఈ జిగురే. ఆ జిగురు కండల మధ్య చేరి, పోయిన నీటికి బదులుగా ముక్కను మృదువుగా ఉంచుతుంది. అందువల్ల తొడ ముక్క 74 దగ్గర క్షేమంగా ఉన్నా ఇంకా కాస్త సాగుతుంది, 80 నుంచి 85 మధ్య అది ఎముక నుంచి విడిపోయేంత మెత్తబడుతుంది. మీరు గంటసేపు కాల్చిన ట్రేలో ఈ రెండు రకాల ముక్కలూ కలిసి ఉన్నాయి. పెరుగు ఎంత మంచిదైనా ఆ ట్రేను కాపాడలేదు.

కనుక మాంసంలో గుచ్చి చూసే చిన్న థర్మామీటరు ఒకటి కొనమని మీ అబ్బాయికి చెప్పండి. ఓవెన్ కొన్నవారికి అది భారమైన వస్తువు కాదు. ఎముకకు తగలకుండా, ముక్కలో మందమైన చోట గుచ్చాలి. అది వచ్చేవరకు చేతి గుర్తులు ఇవి: తొడ, కాలి ముక్కలకు 200 డిగ్రీల వద్ద 40 నుంచి 45 నిమిషాలు పడుతుంది. కాలి చివర కండ ఎముకను వదిలి పైకి జరుగుతుంది, కీలు దగ్గర పట్టి కదిపితే వదులుగా ఆడుతుంది, చాకు గుచ్చితే ఎరుపు లేని తేట రసం వస్తుంది. లేత కోళ్ళలో ఎముక పక్కన కొంచెం ఎర్రదనం ఉడికిన తరువాత కూడా మిగలవచ్చు కనుక రంగు ఒక్కటే చూసి భయపడి మరో పావుగంట కాల్చకండి. సగం సమయం గడిచాక ముక్కలను తిప్పి, పైన కొద్దిగా నూనె రాయండి. చివరి ఐదారు నిమిషాలు పై రాడ్ మాత్రమే ఉంచి వేడి 230కి పెంచితే పెరుగులోని పాల చక్కెర, మాంసకృత్తులు కలిసి అక్కడక్కడ గోధుమరంగు మచ్చలు పడతాయి, ఆ కమ్మటి కాలిన వాసన వాటిదే. ఆ నిమిషాలలో ఓవెన్ దగ్గర నుంచి కదలకండి. తీసిన తరువాత ఎనిమిది నిమిషాలు ముట్టుకోకుండా ఉంచితే లోపలి రసం కుదుటపడుతుంది, వెంటనే కోస్తే అది పళ్ళెంలోకి కారిపోతుంది.

పచ్చి బొప్పాయి వేయవచ్చా అని అడిగారు. వేయవచ్చు, కాని ఈ బ్రాయిలర్ ముక్కలకు అవసరం లేదు. బొప్పాయి పాలలోని పపైన్ మాంసకృత్తులను ముక్కలు చేసే చురుకైన పదార్థం. మేక మాంసానికి, ముదురు కోడికి అది ఉపకారం చేస్తుంది, లేత కోడికి ఎక్కువైతే పైపొర గుజ్జులా మారుతుంది. లేయర్ కోడి తప్ప దొరకని రోజున కిలోకు ఒక పెద్ద చెంచా తురుము, చెక్కుతో సహా నూరినది, రెండు గంటలకు మించకుండా పట్టించండి.

కుక్కరులో ముందు ఉడికించే పద్ధతిని నేను సమర్థించలేను. కుక్కరులో వేడి 115, 120 డిగ్రీలకు చేరుతుంది, ఒకటి రెండు విజిల్స్‌కే బ్రాయిలర్ మాంసం పూర్తిగా ఉడికి, రసమంతా నీటిలోకి దిగిపోతుంది. దాన్ని మళ్ళీ ఓవెన్‌లో పెడితే మిగిలిన తడి కూడా ఆరుతుంది. నమలడానికి విడివిడిగా వస్తుంది కాని నోటికి పొడిగా తగులుతుంది, పళ్ళు లేనివారికి ఆ పొడి పీచే మింగడానికి కష్టం.

నాటుకోడి సంగతి పూర్తిగా వేరు. పెరటిలో తిరిగి, నెలల తరబడి పెరిగిన కోడి కండ బలమైనది, దాని పొరలు కరగడానికి తడివేడిలో చాలాసేపు ఉండాలి. అందుకే మన పెద్దలు దానికి పులుసు పెట్టి, గారెలు జతచేశారు. పండక్కి వచ్చిన చుట్టాలకు నాటుకోడి పులుసే పెట్టండి, ఓవెన్‌లో కాల్చి ఆ రుచిని పోగొట్టవద్దు. వారికి కాల్చిన కోడి కూడా రుచి చూపించాలని ఉంటే బ్రాయిలర్ తొడ ముక్కలు ముందురోజే ఊరబెట్టుకుని విడతలు విడతలుగా కాల్చండి. పది మందికి ఇంటి ఓవెన్‌లో మూడు విడతలు పడుతుంది, మొదటి విడతను మూతపెట్టి ఉంచి, వడ్డించే ముందు ఐదు నిమిషాలు వేడిచేస్తే సరిపోతుంది.

చివరగా మీ అత్తగారి కోసం. ఆవిడకు ఛాతీ ముక్క వద్దు, తొడ ముక్కే పెట్టండి. ఆ ఒకటి రెండు ముక్కలను చిన్న గాజు గిన్నెలో విడిగా పెట్టి, రెండు చెంచాల నీళ్ళు చిలకరించి, గిన్నె అంచులకు ఫాయిల్ బిగించండి. ఫాయిల్ పెరుగుకు తగలకూడదు. 180 డిగ్రీల మీద ఆ ఆవిరిలో గంట ఉంటే లోపలి వేడి 85 దాటి, పొరలన్నీ కరిగి, మాంసం వేళ్ళతో విడదీస్తే వచ్చేస్తుంది. ఆవిడకు రంగు కన్నా మెత్తదనం ముఖ్యం కనుక పై రాడ్ వేడి అవసరం లేదు, కారం కూడా సగం తగ్గించండి. ఎముకలూ సన్నటి నరాలూ ఒక్కటి కూడా లేకుండా చేత్తో తడిమి తీసేసి, మాంసాన్ని పోగుల వెంట సన్నగా విడదీసి, గిన్నె అడుగున చేరిన రసంలోనే మళ్ళీ కలపండి. ఆ రసంలో కరిగిన జిగురు, పెరుగు, మసాలా అన్నీ ఉంటాయి. కొంచెం మెత్తగా వండిన వేడి అన్నంలో అది కలిపి, పైన నాలుగు చుక్కలు నిమ్మరసం పిండి, చల్లారకముందే ఆవిడకు పెట్టండి.